కుక్కని కట్టేశాంలెండి, రండి!

ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళకి ఊరు వెళ్ళే యోగం ఉండదని మా అత్తయ్యగారు నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఆవిడ జాతకం చూసి చెప్పలేదు, మా వాలకం చూసి చెప్పారు. ఏ పెళ్ళికైనా ఇద్దరం కలిసి వెళ్ళి ఎన్నాళ్ళయిందో! ముహూర్తానికి మావారు వెళితే రిసెప్షన్‌కి నేను వెళతాను. "మీ ఇద్దరికీ మాటల్లేవుటే?" అని మా పెద్దాడపడుచు ఒకసారి నన్ను పక్కకి పిలిచి గుచ్చి గుచ్చి అడిగింది. "మాటలున్నాయి వదినా, కుక్క కూడా ఉంది" అన్నాను.

ఆ కుక్క పేరు బ్రూనో. నేను కోరి తెచ్చుకున్నది కాదు. మా అమ్మాయి ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఏడ్చి సాధించి తెచ్చుకుంది. తర్వాత చదువుకని తను బెంగుళూరు వెళ్ళిపోయింది, కుక్క మాకు మిగిలింది. పిల్లలు ఇంట్లో వదిలేసి వెళ్ళే సామానులో పాత పుస్తకాలూ బిగుతైపోయిన జోళ్ళూ ఉంటాయని తెలుసుగానీ, ముప్ఫై కిలోల లాబ్రడార్ కూడా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. దీని పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవి దగ్గర, గడ్డకట్టే నీళ్ళలో జాలర్లకి సాయం చేసేవట. ఇంగ్లండు దొరలు వాటిని తీసుకుపోయి పెంచి ఒక జాతిగా తీర్చారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్బువాళ్ళు గుర్తింపు ముద్ర కూడా వేశారు. అంతటి వంశంలో పుట్టినది మా ఇంట్లో ఏప్రిల్ వచ్చేసరికి ఏ.సి. గదిలో నాలుక వేలాడేసుకుని పడుకుంటుంది.

పోనీ, దాన్ని కూడా వెంటబెట్టుకు వెళదామా అంటే అదేమంత తేలికా? రైలు సంగతి చూడండి. ఫస్టు ఏ.సి.లో కూపేగానీ కాబిన్‌గానీ మొత్తం మనమే తీసుకుంటే కుక్కని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. లేదంటే గార్డు ఉండే పెట్టెలో కుక్కల కోసం ఒక అర ఉంటుంది, అందులో ఎక్కించాలి. కూపే తీసుకోడానికి డబ్బు చాలదు, అరలో పడెయ్యడానికి మనసు చాలదు. ఇక చుట్టాలిళ్ళంటారా? "మీరు రండి, తప్పకుండా రండి" అంటారు. ఆ 'మీరు' అన్న మాటని ఎంత ఒత్తి పలుకుతారంటే, అందులో బ్రూనో లేదని బ్రూనోకి కూడా అర్థమవుతుంది.

ఇలాంటి పరిస్థితుల్లో మా అమ్మాయే ఫోన్లో వెతికి వెతికి ఒక ఇల్లు పట్టుకుంది. వికారాబాద్ దాటాక, అనంతగిరి కొండల పక్కన ఒక తోటలో ఇల్లు. శని, ఆదివారాలు అద్దెకిస్తారు. 'పెట్ ఫ్రెండ్లీ' అని రాసి, పక్కన కుక్క పాదం గుర్తు కూడా వేశారు. ఈ మాటకి తెలుగేమిటా అని మావారు చాలాసేపు ఆలోచించి "శునకమిత్ర గృహం" అన్నారు. "కుక్కల్ని రానిస్తారుట అంటే సరిపోదూ?" అన్నారు అత్తయ్యగారు, ఒత్తులు చేస్తూ.

ఇంటి యజమానికి ఫోను చేశాం. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఇల్లు రోజుకి ఏడు వేలు, కుక్కకి వేరే ఎనిమిది వందలు. దానికి పరుపు వాళ్ళే ఇస్తారు, గిన్నెలు వాళ్ళే ఇస్తారు. కావాలంటే కోడిమాంసం ఉడకబెట్టి అన్నంలో కలిపి పెడతారు. టీకాలు వేయించిన కాగితం మాత్రం చూపించాలి. "తోటంతా మీ బ్రూనోదే మేడమ్, హాయిగా విప్పి వదిలెయ్యండి" అన్నాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లినంత పనైంది. బయటివాడొకడు మా కుక్కని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

సరే, ఆగస్టు చివరి వారంలో బయల్దేరాం. అత్తయ్యగారు కూడా వచ్చారు. డెబ్భై నాలుగేళ్ళ వయసులో ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, కారులో ఆవిడకీ కుక్కకీ మధ్య నేను కూర్చోవాలి. కుక్కని ఆవిడ ముట్టుకోరు. నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఆవిడ దానితో మాట్లాడతారుగానీ ముట్టుకోరు.

హైదరాబాదు నుంచి అనంతగిరి 80 కిలోమీటర్ల లోపే. చేవెళ్ళ దారిలో రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్లుంటాయి చూడండి, ఆ రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు కోర్టులూ ట్రిబ్యునళ్ళూ దాకా వెళ్ళాల్సి వచ్చిన చెట్లు, వాటి కింద నుంచి పోతుంటే ఆగస్టు ఎండ కూడా వెన్నెలలా ఉంది. మావారు హుషారెక్కి, "ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు, మనం కుక్కని వదిలి వికారాబాద్ రామన్నాం. మనదీ ఆ బాపతే" అన్నారు. ఆ మాట నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. లోపల్లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చోటు అద్భుతంగా ఉంది. ఒకప్పుడు క్షయరోగులకి గాలి మంచిదని ఆసుపత్రి కట్టిన కొండలవి. మనం నగరంలో ముక్కు మూసుకుని దాటే మూసీనది ఈ కొండల్లోనే పుడుతుంది. ఎర్రమట్టి, పచ్చటి గట్లు, మబ్బు కొండమీంచి జారి చెట్లమీద కూర్చున్నట్టుంది. గేటు దగ్గర కాపలా మనిషి, అతని భార్య ఎదురొచ్చారు. గేటు తీస్తూ అతనన్న మొదటి మాట, "కుక్కను కట్టేసినం సార్, రండ్రి."

ఆ మాట నేను పట్టించుకోలేదు. మనం ఎన్ని గుమ్మాల్లో వినలేదు! 'కుక్కని కట్టేశాంలెండి, రండి' అంటే మన భాషలో స్వాగతమనే కదూ అర్థం. బ్రూనోని విప్పాను. అది తోటలోకి పరుగెత్తిన తీరు చూసి మా అమ్మాయికి వీడియో తీసి పంపాను. వరండాలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నాను.

సాయంత్రం తోట చూద్దామని ఇంటి వెనక్కి వెళ్ళాను. నీళ్ళ తొట్టి పక్కన, వేపచెట్టుకి కట్టేసి ఉంది ఒక ఊరకుక్క. పచ్చకి ఎక్కువ, ఎరుపుకి తక్కువ రంగు, ఒక చెవి చివర చిరిగి ఉంది. నన్ను చూసి అరవలేదు. గొలుసు ఎంతవరకు వస్తుందో అంతవరకు వచ్చి, అక్కడ ఆగి చూసింది. ఆ చెట్టు చుట్టూ నేలమీద గడ్డి లేదు. ఎవరో పెద్ద పళ్ళెం బోర్లించి గీసినట్టు గుండ్రంగా మట్టి తేలి ఉంది. ఆ గుండ్రం ఒక్కరోజులో పడేది కాదు.

కాపలా మనిషి భార్య అక్కడే అంట్లు తోముతోంది. దీని పేరేమిటని అడిగితే "టైగర్" అని నవ్వింది.

"ఎప్పుడు విప్పుతారు?"

"మీరు పోయినంకనమ్మా. ఆదివారం పొద్దుగూకినంక ఇడుస్తం. మల్ల శుక్రారం కట్టేస్తం."

"వారం వారం ఇంతేనా?"

"ఇంతేనమ్మా. ఇప్పుడు కుక్కలున్నోళ్ళే ఎక్కువస్తున్నరు గద. ఇడిస్తే వాటి మీదికి పోతది. దీని తోట అనుకుంటది గద ఇది." గిన్నె బోర్లించి మళ్ళీ అంది, "వెనక మామిడితోటే ఉండె, గీ ఇల్లు లేకుండె. అప్పుడు రాత్రి పగలు ఇదే తిరిగేది. కోతిని రానియ్యకపోయేది, పందిని రానియ్యకపోయేది."

ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పలేదు. రేషను బియ్యం ఎప్పుడిస్తారో చెప్పినంత మామూలుగా చెప్పింది. నేనే లోపల లెక్క వేసుకున్నాను. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా అంటే వారానికి రెండు రోజులు. ఏడాదికి 52 వారాలు. 104 రోజులు. పండగ సెలవులు వేరే. కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ళం మేమంతా వరసలు కట్టి వస్తున్నందుకు, ఆ కుక్క ఏడాదిలో మూడున్నర నెలలు తన తోటలో గొలుసుకి ఉంటోంది.

ఆ రాత్రి వాన పట్టుకుంది. కొండమీది వాన, చెప్పి రాదు. తొమ్మిదింటికి మొదలై పన్నెండైనా తగ్గలేదు. టైగర్ అరుస్తూనే ఉంది. మధ్యలో కాపలా మనిషి టార్చిలైటు వేసుకుని వెళ్ళి ఏదో కప్పినట్టు చప్పుడైంది. కాసేపు ఊరుకుని మళ్ళీ మొదలెట్టింది. ఇవతల బ్రూనో యజమాని ఇచ్చిన పరుపుమీద గుర్రు పెడుతోంది. "వాళ్ళు చూసుకుంటారులే, పడుకో" అన్నారు మావారు. ఆయన కఠినుడని మీరు అనుకోకండి. నేను కూడా ఎవరైనా ఆ మాట అంటే బావుండునని చూస్తున్నదాన్నే.

చీకట్లో అత్తయ్యగారి గొంతు వినిపించింది. "ఆ గొలుసు ఎంత పొడుగుందో చూశావుటమ్మా?"

నేను మాట్లాడలేదు.

"మీ మామగారి స్నేహితులు వచ్చేవాళ్ళు చూడూ, కాకినాడ నుంచి. నాలుగేసి రోజులుండేవాళ్ళు. ముందు గది, నడవా, వీధి అరుగు అన్నీ వాళ్ళకే. మేమంతా వంటింట్లోంచి కదలకూడదు. బావి దగ్గరికి వెళ్ళాలంటే దొడ్డిగుమ్మంలోంచి గోడవారగా వెళ్ళాలి. మీ ఆయన చంటివాడు, ఏడిస్తే నోరు మూసేదాన్ని. అంతా మంచివాళ్ళేనమ్మా, ఒక్కళ్ళకీ వంక పెట్టడానికి లేదు. వెళ్ళేటప్పుడు మీ మామగారితో ఏమనేవాళ్ళో తెలుసా? 'మీ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందోయ్!' అనేవాళ్ళు."

ఆవిడ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ సాయంత్రం వరండాలో నేనన్న మాట ఆవిడ విన్నారో లేదో అడగలేదు. ఇంతవరకూ అడగలేదు.

నిద్ర పట్టకపోతే బి.ఎ.లో చదువుకున్న భారతమే నాకు దిక్కు. అందులోనూ పగలు మావారు ధర్మరాజుని మా కారెక్కించారాయె. కుక్క గురించి భారతంలో ఏముందో ఆ రాత్రి నిదానంగా గుర్తు చేసుకున్నాను. చిత్రమేమిటంటే, భారతకథ మొదలయ్యేదే కుక్కతో. నన్నయగారు కథలోకి దిగగానే సరమ వస్తుంది. జనమేజయుడు యజ్ఞం చేస్తున్న చోటికి సరమ కొడుకు, చిన్న కుక్కపిల్ల, ఆడుకుంటూ వెళ్ళింది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొట్టారు. అది చేసిన తప్పల్లా రాకూడని చోటికి రావడమే. ఏడుస్తూ వెళ్ళి తల్లికి చెప్పుకుంటే, ఆ తల్లి ఊరుకోలేదు, సభకి వచ్చి మహారాజునే నిలదీసింది. ఏ తప్పూ చేయని దుర్బలులకి హాని చేస్తే, అనుకోని వైపు నుంచి భయం వస్తుందని చెప్పి వెళ్ళిపోయింది. ఇక భారతం చివర, తిక్కనగారి వంతులో, మహాప్రస్థానం. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోయాక ధర్మరాజు వెనక మిగిలినది ఒక కుక్క. పద్దెనిమిది పర్వాల ఆ మహాగ్రంథంలో మొదట్లో ఒక కుక్కని గెంటేస్తే, చివర్లో ఒక కుక్క కోసం ఒక రాజు స్వర్గద్వారం దగ్గర ఆగిపోయాడు.

ఈ రెండో కథ మనందరికీ తెలిసిందే అనుకుంటాం. నేను ఆ రాత్రిదాకా గమనించని సంగతొకటి ఉంది. ఆ కుక్క ధర్మరాజు పెంపుడు కుక్క కాదు. దానికి పేరు లేదు. హస్తినాపురం నుంచి బయల్దేరుతుంటే తనంతట తాను వెంట వచ్చింది, అంతే. 'ఇది నా ప్రాణం, ఇది లేకపోతే నేనుండలేను' అని ఆయన ఇంద్రుడితో అనలేదు. నన్ను నమ్ముకుని వచ్చిన దాన్ని నా సుఖం కోసం విడిచిపెట్టలేనన్నాడు. ఇంద్రుడు గడుసుగా వాదించాడు కూడా, తమ్ముళ్ళనీ భార్యనీ దారిలో వదిలేసి వచ్చావు కదా, కుక్కని వదలడానికేమిటని. వాళ్ళు చనిపోయాక వదిలాను, బతికుండగా వదల్లేదని ఆయన జవాబు.

మేం తీసుకెళ్ళినది మాకు ప్రియమైన కుక్కని. దాన్ని వదిలి వెళితే మా మనసుకే కష్టం. ఎనిమిది వందలు కట్టి ఆ కష్టం తప్పించుకున్నాం. అందులో తప్పేమీ లేదు, కానీ అది ధర్మం కాదు, సదుపాయం. కారులో నేను పడిన గర్వం అక్కడితో దిగిపోయింది.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మీరు నవ్వినా సరే చెబుతాను. సరమ ఎవరనుకున్నారు? దేవతల కుక్క. ఇంద్రుడి ఆవుల్ని దొంగలెత్తుకుపోతే వాసన పట్టి ఆచూకీ తీసినది అదే. అంటే స్వర్గంలో ముందునుంచీ ఒక కుక్క ఉందన్నమాట. మరి కుక్కలకి స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడు ఎలా అన్నాడో, ఆ ధర్మసందేహం పండితులకి వదిలేస్తాను. నా సందేహం వేరు. ఒకవేళ ఇంద్రుడు మా యజమానిలా లౌక్యం తెలిసినవాడై, "దానికేం భాగ్యం, కుక్కతో సహా రావయ్యా, మా సరమని దొడ్లో కట్టేయించాంలే" అని ఉంటే? ధర్మరాజు రథం ఎక్కేవాడా?

ఎక్కేవాడు కాదని నా నమ్మకం. అయితే ఒక చిక్కుంది. సరమని కట్టేశారని ఆయనకి ఎవరూ చెప్పకపోతే? స్వర్గం ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటూ హాయిగా లోపలికి వెళ్ళిపోయేవాడు. మంచివాళ్ళం చేసే అన్యాయాల్లో చాలా భాగం ఇలాగే జరుగుతాయి. మన కోసం ఎవరిని కట్టేశారో మనకి కనపడదు. అది ఇంటి వెనక, నీళ్ళ తొట్టి పక్కన ఉంటుంది.

మరి అతిథిగా వెళ్ళడమే పాపమా అంటే, కాదు. ఎవరో ఒకరు సర్దుకోకపోతే ఏ ఇంట్లోనూ ఏ చుట్టమూ ఒక్క పూట ఉండలేడు. మనం మంచం ఇచ్చి చాప వేసుకోలేదూ? కానీ సర్దుకోవడం వేరు, కట్టేయించుకోవడం వేరు. సర్దుకున్నవాళ్ళకి వంతులుంటాయి. ఇవాళ నా మంచంమీద పడుకున్న వదినగారింట్లో రేపు ఆవిడ మంచం నాది. కట్టేసినవాళ్ళకి వంతు రాదు. అత్తయ్యగారు ఎన్నడూ కాకినాడ వెళ్ళి ఆ స్నేహితుల వీధి అరుగుమీద కూర్చోలేదు. అంతదాకా ఎందుకు, పండక్కి మా ఆడపడుచులు పిల్లలతో వస్తే మా ఇల్లు కళకళలాడుతుంది. ఆ మూడు రోజులూ మా పనిమనిషికి పండగ ఉండదు. పదేళ్ళుగా ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, గిన్నెలు ఎక్కువ పడ్డాయని ఒక చీర పెట్టి సరిపుచ్చాను.

తెల్లవారింది. వాన వెలిసింది. తెగించి వెళ్ళి టైగర్ గొలుసు విప్పబోయాను. కాపలా మనిషి భార్య పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా, మీకు దండం పెడత."

మూడు నెలల కిందట ఎవరో మీలాగే జాలిపడి విప్పారట. అది వెళ్ళి వాళ్ళ కుక్క చెవి కొరికిందట. డాక్టరు ఖర్చు రెండు నెలలు ఆమె భర్త జీతంలోంచి కోశారట. జాలి పడినవాళ్ళు ఆదివారం వెళ్ళిపోయారు, కోత మాత్రం వీళ్ళకి మిగిలింది.

చట్టం లేదా అంటారేమో, ఉంది. జంతువుల్ని హింసించడాన్ని నివారించే 1960 నాటి చట్టంలో ఈ సంగతి స్పష్టంగానే ఉంది. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో అతిగా కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కని యజమాని తిప్పకుండా నిర్లక్ష్యం చేయడమూ నేరమే. అయితే నేను వెళ్ళి ఫిర్యాదు చేస్తే పట్టుబడేది ఎవరు? కుక్క యజమాని. అంటే ఈ కాపలా మనిషి. తోట యజమాని గొలుసు ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు. మా ఇద్దరి మధ్య జరిగిన బేరానికి ముడి వేసిన చెయ్యి మాత్రం అతనిది. ఎవరి ఖర్చుమీద జాలి పడుతున్నామో చూసుకోకపోతే, జాలి కూడా పెత్తనమే అవుతుంది.

వేపచెట్టు కింద నిలబడి నేనిలా మథనపడుతుంటే అత్తయ్యగారు పళ్ళు తోముకోడానికి అటు వచ్చారు. విషయమంతా విని, "దానికింత ఆలోచనెందుకు? ఒకటే కట్టుకొయ్య ఉందా? మన దాన్ని కట్టెయ్యండి, దాన్ని విప్పండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మార్చండి" అన్నారు.

నేను ధర్మరాజు దగ్గరికీ ఇంద్రుడి దగ్గరికీ వెళ్ళి వచ్చాను. ఆవిడ పళ్ళు తోముకుంటూ తేల్చేశారు.

అలాగే చేశాం. బ్రూనోని వరండా స్తంభానికి కట్టాం. పుట్టి బుద్ధెరిగాక దాన్ని అంతసేపు కట్టడం అదే మొదలు. అది చేసిన గోల అంతా ఇంతా కాదు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి వీడియోలో పిలిచి, "అమ్మా! బ్రూనోని కట్టేశారా! పెట్ ఫ్రెండ్లీ అన్నారుగా!" అని అరిచింది. "ఇద్దరు పెట్స్ ఉన్నాయమ్మా, వంతులు పెట్టాం" అన్నాను. దానికి అర్థం కాలేదు. ఇంటికొచ్చినప్పుడు చెప్పాలి.

టైగర్‌ని విప్పగానే అది నా కాళ్ళు నాకి కృతజ్ఞత చూపించిందని రాస్తే మీకు బావుంటుందేమో, కానీ అలాంటిదేమీ జరగలేదు. నావైపు కన్నెత్తి చూడలేదు. బ్రూనో వైపు ఒకసారి చూసి గుర్రుమని, గొలుసు ఉందని గమనించి వదిలేసింది. తోట చుట్టూ కంచె వెంబడి ఒక చుట్టు తిరిగింది. ఆగి ఆగి, వాసన చూసుకుంటూ, చాలా రోజుల తర్వాత ఊరొచ్చిన మనిషి ఇల్లంతా తిరిగి చూసుకున్నట్టు చూసుకుంది. మామిడిచెట్టు మీద రెండు కోతులుంటే కిందకి వెళ్ళి అరిచింది. అవి వెళ్ళిపోయాయి. తర్వాత కాపలా వాళ్ళ గుడిసె ముందు ఎండలో కాళ్ళు బారజాపి పడుకుంది. మధ్యాహ్నం మళ్ళీ కట్టడానికి అతను గొలుసు తెస్తే, లేచి నిలబడి మెడ వంచింది. ఆ మెడ వంచడం చూడకుండా ఉంటే బావుండేదనిపించింది.

అంటే మా వంతులతో దాని బతుకు మారిపోలేదు. నాలుగ్గంటలు విప్పి పుణ్యం మూట కట్టుకున్నామని నేను అనడం లేదు. కానీ ఆ నాలుగ్గంటలు కట్టు బ్రూనోది, బ్రూనో గోల మాది. మా సుఖానికయ్యే ఖర్చులో కొంతైనా మా చేతినుంచి పడింది. అతిథి చెయ్యగలిగింది అంతేనేమో. మన రాక వల్ల ఎవరు ముడుచుకున్నారో కాస్త ఇంటి వెనక్కి వెళ్ళి చూడటం, వీలైతే వంతు పంచుకోవడం. చూడకుండా వరండాలో కూర్చుని కాఫీ తాగితే ఏ ఇల్లయినా ప్రశాంతంగానే ఉంటుంది.

ఆదివారం సాయంత్రం బయల్దేరేటప్పుడు అత్తయ్యగారు తన డబ్బాలో మిగిలిన చేగోడీలు కాపలా మనిషి భార్యకిచ్చారు. రెండు మాత్రం విడిగా తీసి, వేపచెట్టు దగ్గరికి వెళ్ళి, గొలుసు అందేంత దూరంలో నేలమీద పెట్టి వచ్చారు. ముట్టుకోలేదు. ఆవిడ మడి ఆవిడదే.

ఇంటికొచ్చాక యజమాని దగ్గర్నుంచి సందేశం వచ్చింది, అయిదింటికి ఎన్ని నక్షత్రాలిస్తారని. ఉన్న సంగతి రాస్తే కోత ఎవరి జీతంలో పడుతుందో తెలుసు కాబట్టి అక్కడ రాయలేదు. ఫోను చేసే మాట్లాడాను. మూలగా కాస్త చోటు కంచె వేయిస్తే టైగర్ అందులో స్వేచ్ఛగా తిరుగుతుంది కదా, వచ్చేవాళ్ళు కుక్కకిచ్చే ఎనిమిది వందల్లోంచే ఆ ఖర్చు వస్తుంది కదా అన్నాను. "మంచి సజెషన్ మేడమ్, తప్పకుండా చూద్దాం" అన్నాడు. అది ఆగస్టు మాట.

నిన్న మళ్ళీ అతనే పిలిచాడు. సంక్రాంతికి ఇల్లు ఖాళీగా ఉందట, పాతవాళ్ళం కనక తగ్గించి ఇస్తాట్ట, కుక్కకి అసలు తీసుకోడట. మా అమ్మాయి కూడా వస్తోంది, వెళితే బావుండునని ఇంట్లో అందరికీ ఉంది. మావారు ఫోను స్పీకరులో పెట్టారు. నేను ఒక్క ప్రశ్న అడగమన్నాను. ఆయన అడిగారు.

"టైగర్ ఉందాండీ అక్కడ?"

"ఉంది సార్. కానీ మీకేం ఇబ్బంది ఉండదు. కట్టేస్తాంగా, రండి!"

మావారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, ఏం చెప్పమంటావని కళ్ళతోనే అడుగుతున్నారు. అత్తయ్యగారు చదువుతున్న పుస్తకం మూసి నావైపు చూస్తున్నారు. బ్రూనో, తన పేరు ఎవరూ ఎత్తకపోయినా, తోక ఆడిస్తోంది.

మీరైతే ఏం చెప్పేవారు?